మీ వీధిలో కోకిల ఏడాదంతా ఉంటుందా? మీరే తేల్చుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

"ఉగాది ముందు కోకిల ఎక్కణ్ణుంచి వస్తుంది? వానలు ముదిరాక ఎక్కడికి పోతుంది?" పక్షుల మీద కాస్త ఆసక్తి ఉందని తెలిస్తే చాలు, ఎవరైనా మొదట అడిగేది ఇదే. దానికి వెంటనే ఇంకో ప్రశ్న: "మా పేటలో ఎప్పుడుంటుందో మేమే రాసి పెట్టుకోవాలంటే ఎలా?"

మొదటిదానికి జవాబు చిన్నది. మన తెలుగు ఊళ్ళలో కోకిల ఏడాదంతా ఉండే పక్షే. వచ్చిపోయేది దాని కూత. గుడ్లు పెట్టే కాలం దాటగానే గొంతు కట్టిపెట్టి ఆకుల గుబురులో ఉండిపోతుంది. అందుకే లేదనుకుంటాం. అయితే మీ వీధిలో ఉన్న కోకిలలే పన్నెండు నెలలూ అక్కడే ఉంటాయా, పండ్లను వెతుక్కుంటూ పక్క పేటకు జరుగుతాయా అన్నది ఏ పుస్తకమూ చెప్పదు. అది మీరు కూర్చుని చూడాల్సిందే. ఈ పద్ధతి అందుకు.

## 1. ప్రశ్నను మూడుగా విడగొట్టండి

"కోకిల ఎప్పుడుంటుంది" అని ఒకే గడి పెట్టుకుంటే ఏడాది చివర ఏమీ తేలదు. మూడు విడివిడి గడులు కావాలి.

- ఎప్పుడు వినిపిస్తోంది?
- ఎప్పుడు కనిపిస్తోంది?
- కాకి గూట్లో దాని పిల్ల ఎప్పుడు పెరుగుతోంది?

ఈ మూడూ ఒకే నెలల్లో రావు. వినపడని నెలల్లో కనిపించిందా అన్నదే అసలు విషయం. కనుక వినడాన్నీ చూడడాన్నీ ఎక్కడా కలపకండి.

## 2. ముందు పక్షిని తడబడకుండా గుర్తుపట్టండి

ఈ పని మొదలుపెట్టే ముందు ఒక వారం గుర్తింపుకే కేటాయించండి. తొందరపడితే తర్వాతి రాతంతా అనుమానాస్పదమే.

మగది: ఒళ్ళంతా నీలి మెరుపున్న నలుపు. కాకి అంత పొడవు, కాని సన్నం. తోక బాగా పొడుగు. కళ్ళు ఎర్రగా ఉంటాయి. ముక్కు లేత ఆకుపచ్చ. దూరం నుంచి కన్ను కనపడకపోయినా ఆ పాలిపోయిన ముక్కు ఆకుల నీడలో బయటపడుతుంది. కాకి ముక్కు నల్లగా, మందంగా ఉంటుంది.

ఆడది: దీన్ని కోకిల అంటే చాలామంది నమ్మరు. ముదురు గోధుమ రంగు ఒంటి మీద తెల్లటి చుక్కలు, తోక మీద అడ్డ చారలు, కళ్ళు మాత్రం మగదానిలాగే ఎరుపు. ఎవరైనా "డేగలాంటి చుక్కల పిట్ట మా మామిడి చెట్టు మీద కూర్చుంది" అంటే ముందు దీన్నే అనుమానించండి.

పిల్ల: గూడు దాటిన కొత్తలో నల్లగానో, నలుపు మీద లేత చుక్కలతోనో ఉంటుంది. కళ్ళు ఇంకా పెద్దవాటిలా ఎర్రబడవు. పక్కనే కాకి ఉండి నోట్లో మేత పెడుతుంటే ఇక సందేహం అక్కర్లేదు.

కూతలు మూడు నేర్చుకుంటే చాలు.

- మగదాని "కు-ఊ, కు-ఊ": కింది స్థాయిలో మొదలై ఒక్కో కూతకూ పైకి పైకి పోయి, ఏడో ఎనిమిదో సారికి తారస్థాయికి చేరి ఠక్కున తెగిపోతుంది. కాసేపాగి మళ్ళీ కింద నుంచి.
- ఆడదాని "కిక్-కిక్-కిక్-కిక్": గబగబా, కీచుగా. ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టుకు ఎగిరేటప్పుడు ఎక్కువగా వినిపిస్తుంది.
- గొంతులో నీళ్ళు పోసుకుని పుక్కిలించినట్టుండే గలగల: జంటగానో, రెండు మగవి ఎదురుపడ్డప్పుడో.

చలికాలంలో మీకు పనికొచ్చేది రెండోదే. కూ అనే కూత ఒక్కటే తెలిసినవాళ్ళు ఏడాదిలో సగం కోకిలలను వదిలేసుకున్నట్టే.

పొరబడే పక్షులు ఇవి. జెముడు కాకి నల్లగానే ఉన్నా రెక్కలు ఇటుక రంగు. "బూప్ బూప్ బూప్" అని లోతైన గొంతుతో ఒకే స్థాయిలో కూస్తుంది, నేల మీద తిరుగుతుంది. ఏట్రింత, కొన్నిచోట్ల పసుల పోలిగాడు అంటారు, చాలా చిన్నది. తోక చివర రెండుగా చీలి ఉంటుంది, కరెంటు తీగ మీద బాహాటంగా కూర్చుంటుంది. కోకిల అలా తీగల మీద తీరిగ్గా కూర్చునే రకం కాదు. ఇక మామిడి తోటల దగ్గర ఎండాకాలం రాత్రుళ్ళు, వానాకాలం మొదట్లో ఇంకో కోకిల జాతి పక్షి కూత కూడా ఇలాగే మెట్లు మెట్లుగా పైకి పోతుంది. తేడా ఏమిటంటే దానిది మూడక్షరాల కీచు కూత, మనదానిది రెండక్షరాల తేట కూత.

## 3. దగ్గర పెట్టుకోవలసినవి

- గీతలున్న నోటు పుస్తకం, పెన్సిలు. వానలో పెన్ను రాత చెదిరిపోతుంది.
- గడియారం లేదా ఫోను. ఫోను సైలెంటులో ఉండాలి.
- బైనాక్యులర్ ఉంటే మంచిది, 8×42 రకం చాలు. లేకపోయినా పని ఆగదు. "వినడం" గడికి అసలు అవసరమే లేదు.
- మీ వీధి చెట్ల పటం, చేత్తో గీసినది.
- ఇరుగుపొరుగుకు ఒక మాట.

చివరిది తేలిగ్గా తీసుకోకండి. తెల్లవారుజామున బైనాక్యులర్ పట్టుకుని మేడ మీద నిలబడితే ఎదురింటివాళ్ళు ఇబ్బంది పడతారు. "కోకిల లెక్క రాస్తున్నానండీ, మీ చెట్టు మీద కనిపిస్తే నాకూ చెప్పండి" అని ముందే చెబితే అనుమానం పోతుంది, పైగా ఇంకో జత కళ్ళు తోడవుతాయి. బైనాక్యులర్‌ను ఎప్పుడూ కిటికీల వైపు తిప్పకండి.

కొననక్కర్లేనివి కూడా చెప్పాలి. కోకిల కోసం గింజల పళ్ళెం, నీళ్ళ తొట్టి పెట్టి ఎదురు చూడకండి. అది చెట్టు దిగి నేలకు రావడం అరుదు, గింజలు తినదు. ఆ పళ్ళేల మీద పావురాలు వాలతాయి.

## 4. చోటు, హద్దు ఖాయం చేసుకోండి

1. ఏడాది పొడవునా మీకు అందుబాటులో ఉండే ఒక చోటు ఎంచుకోండి. మేడ, పెరటి అరుగు, బాల్కనీ ఏదైనా సరే. కనీసం రెండు మూడు పెద్ద చెట్లు కనిపించాలి.
2. అక్కణ్ణుంచి కంటికి స్పష్టంగా ఆనే మేర ఎంతో చూసి హద్దు పెట్టుకోండి. పట్నం వీధుల్లో అటూ ఇటూ 100 మీటర్లు సరిపోతుంది. హద్దుకు గుర్తులు పెట్టుకోండి: ఇటు నీళ్ళ ట్యాంకు, అటు రామాలయం రావి చెట్టు, అలా.
3. ఆ హద్దులో ఉన్న చెట్లన్నీ పటంలో గీసి పేర్లు రాయండి.
4. పండ్ల చెట్లకు చుట్టూ గీత పెట్టండి. రావి, మర్రి, జువ్వి, మేడి, వేప, సింగపూర్ చెర్రీ, వీధుల్లో నిటారుగా పెంచే అశోక చెట్టు ముఖ్యం. పెరటి బొప్పాయినీ వదలకండి. పచ్చగన్నేరు కాయ మనకూ పశువులకూ విషం, కోకిల మాత్రం దాని పండు తింటుంది. కనుక అదీ పటంలో ఉండాలి.
5. కాకి గూళ్ళు, పాతవైనా సరే, గుర్తు పెట్టండి.

హద్దు ఎందుకంటే, కోకిల గొంతు చాలా దూరం పోతుంది. ఎక్కడో రెండు వీధుల అవతల కూసేది మీ వీధి లెక్కలో పడితే మీ చెట్ల గురించి ఏమీ తేలదు. హద్దు బయటి కూత కూడా రాయండి, కాని "దూరం" అని వేరుగా.

## 5. గడియారం వేళ వద్దు, పొద్దు వేళ పట్టండి

"రోజూ ఆరు గంటలకు కూర్చుంటాను" అనుకోవడం సహజం. దానితో ఒక చిక్కుంది. కోస్తాలో మే, జూన్ నెలల్లో అయిదున్నరకు అటూ ఇటూగా పొద్దు పొడుస్తుంది. జనవరిలో ఆరున్నర దాటుతుంది. హైదరాబాదులో ఇంకో పావుగంట ఆలస్యం. అంటే ఆరు గంటలు జూన్‌లో పొద్దెక్కిన వేళ, జనవరిలో చీకటి వేళ. ఆ రెండు రోజుల రాతలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి లేదు.

అందుకని పొద్దు పొడిచే వేళను ఆధారం చేసుకోండి. పొద్దుపొడుపుకు అయిదు నిమిషాలు ముందు కూర్చుని, పొడిచాక పది నిమిషాల దాకా. మొత్తం పావుగంట. ఆనాటి సూర్యోదయం తెలుగు క్యాలెండర్లలో, పంచాంగంలో ఉంటుంది. మీ ఊరికి రెండు మూడు నిమిషాల తేడా ఉన్నా ఫరవాలేదు.

వారానికి మూడు రోజులు చాలు. రోజూ అని మొదలుపెట్టి నెల తిరక్కుండా మానేసేకంటే మూడు రోజులు ఏడాదంతా నిలబెట్టడం మేలు. ఆ రోజుల్ని ముందే నిర్ణయించుకోండి, ఉదాహరణకు మంగళ, గురు, ఆదివారాలు. కూత వినపడ్డ రోజే లేచి పుస్తకం తీస్తే, పుస్తకంలో కోకిల లేని రోజే ఉండదు.

## 6. పావుగంట ఎలా కూర్చోవాలి

1. కూర్చోగానే తేదీ, వేళ, వాతావరణం ఒక్క ముక్కలో రాయండి: తేట, మబ్బు, వాన, గాలి.
2. మొదటి అయిదు నిమిషాలు కళ్ళు పక్కన పెట్టి చెవులకు పని చెప్పండి. ఏ దిక్కు నుంచి, దగ్గరా దూరమా?
3. ఒకేసారి రెండు దిక్కుల నుంచి వినిపిస్తే రెండు అని రాయండి. ఒకటి ఆగాక ఇంకో చోట మొదలైతే అది ఎగిరి వెళ్ళిన మొదటిదే కావచ్చు. దాన్ని ఒకటిగానే ఉంచండి.
4. తర్వాతి పది నిమిషాలు చెట్లను వరసగా చూడండి. కొమ్మల చివర్ల కంటే గుబురు లోపల, పండ్లున్న చోట చూడండి.
5. కాకులు దేన్నైనా తరుముతుంటే వెంటనే అటు తిరగండి. కాకులు తరిమే నల్లటి పొడుగుతోక పక్షి కోకిలే అయ్యే అవకాశం చాలా ఎక్కువ.
6. పావుగంట కాగానే లేవండి. లేచాక వినిపించినదాన్ని "తర్వాత" అని కింద వేరే గీత మీద రాయండి, లెక్కలో కలపకండి.

కూర్చున్నంతసేపూ కూతకు కూత బదులివ్వకండి. పిల్లలకిది సరదా, మనం కూ అంటే అదీ గొంతు పెంచుతుంది. ఇంకో మగది తన చోటుకు వచ్చిందనుకునే అది అలా బదులిస్తుంది. ఫోనులో రికార్డు చేసిన కూత వినిపించడం ఇంకా చెడ్డది. జత కట్టే కాలంలో దాన్ని ఊరికే కలవరపెట్టినట్టు, మీ లెక్కా చెడినట్టు.

## 7. పుస్తకంలో ఏం రాయాలి, ఎలా రాయాలి

గుర్తులు ముందే అనుకుని పుస్తకం అట్ట లోపలి వైపు రాసిపెట్టుకోండి.

- వి = హద్దులో విన్నాను
- దూ = దూరంగా, హద్దు బయట విన్నాను
- చూ = చూశాను (మ = మగది, ఆ = ఆడది, పి = పిల్ల)
- 0 = కూర్చున్నాను, వినలేదు, చూడలేదు
- × = ఆ రోజు కూర్చోలేదు

చివరి రెంటి తేడాయే ఈ పని మొత్తానికి ప్రాణం. సున్నా అంటే వెతికితే దొరకలేదు అని. × అంటే వెతకనేలేదు అని. రెంటినీ ఖాళీగా వదిలేస్తే ఆరు నెలల తర్వాత మీ పుస్తకం మీకే అబద్ధం చెబుతుంది.

రాత ఇలా ఉంటే సరిపోతుంది:

"ఏప్రిల్, మంగళ. పొద్దు 5:50. తేట. వి 2 (ట్యాంకు వైపు ఒకటి, రావి మీద ఒకటి). చూ మ 1, రావి పండ్లు తింటోంది. రెండు కాకులు తరిమాయి."

"నవంబరు, గురు. పొద్దు 6:15. మబ్బు. వి కిక్-కిక్ ఒక్కసారి. చూ 0. రావి పండ్లు లేవు, చెర్రీ ఉంది."

రెండో రాత చూడండి. కూ అనే కూత లేదు, పక్షి కనపడలేదు, అయినా ఆడ కోకిల అక్కడే ఉందని రుజువైంది. ఏ చెట్టుకు పండ్లున్నాయో రాయడం కూడా ఇక్కడే అక్కరకొస్తుంది. చెర్రీ పండ్లున్నన్నాళ్ళూ కనిపించి, అయిపోగానే సున్నాలు మొదలైతే మీ వీధి కోకిల పండ్ల కోసమే జరుగుతోందని అర్థం.

## 8. ఏ నెలలో దేని కోసం చూడాలి

ఇది మోటు లెక్క. మీ ఊరి లెక్క దీనికి అటూ ఇటూగా వస్తే మీ పుస్తకాన్నే నమ్మండి.

ఫిబ్రవరి: కొన్నిచోట్ల అప్పుడప్పుడు, సగం సగంగా కూతలు మొదలవుతాయి. ఏడాదిలో మొదటి పూర్తి కూత విన్న తేదీని ఎర్ర పెన్సిలుతో రాయండి. ఇది తప్పిపోతే మళ్ళీ ఏడాది ఆగాలి, కనుక ఈ నెలలో ఒక్క రోజు కూడా మానకండి.

మార్చి నుంచి జూన్: గొంతు జోరు మీదుంటుంది. తెల్లవారకముందే, నాలుగు గంటలకే మొదలుపెట్టేవి ఉంటాయి. ఈ కాలంలో వినడం సులువు కాబట్టి చూడడం మీద శ్రమ పెట్టండి. ఆడది ఎక్కడ తిరుగుతోందో చూడండి; అది కాకి గూళ్ళ చుట్టూనే ఉంటుంది.

జూన్, జులై: వేప పండ్ల కాలం. మీ హద్దులో వేప చెట్టు ఉంటే దాని కింద కూర్చోవడమే పని. కాకులు కోకిల పిల్లలను మేపడం కూడా ఎక్కువగా ఈ రోజుల్లోనే కంటపడుతుంది.

ఆగస్టు: కూతలు పలచబడతాయి. చివరి పూర్తి కూత ఏ రోజో ఆ రోజు తెలియదు. అందుకే "వి" ఉన్న ప్రతి తేదీ ముఖ్యమే. వరసగా రెండు వారాలు సున్నాలు వచ్చాకే చివరి తేదీ ఖాయం చేయండి.

సెప్టెంబరు నుంచి జనవరి: దీనికి వేరే పద్ధతి కావాలి.

## 9. నోరు మెదపని నెలల్లో వెతకడం

ఎక్కువమంది పుస్తకం మూసేసేది ఇక్కడే. అసలు ప్రశ్నకు జవాబు దొరికేదీ ఇక్కడే. పొద్దుటి పావుగంట మామూలుగా సాగించండి, దానికి తోడు వారానికి ఒక్కసారి పండ్ల చెట్టు దగ్గర అరగంట కూర్చోండి.

1. పటం తీసి, ఇప్పుడు ఏ చెట్టుకు పండ్లున్నాయో చూడండి. రావి, మర్రి, జువ్వి చెట్లన్నీ ఒకేసారి కాయవు. ఒకే వీధిలో ఒక రావి పండి ఉంటే ఇంకోటి ఆకు రాల్చి ఉంటుంది. చెట్టు కింద రాలిన పండ్లే మీకు ఆనవాలు.
2. ఉదయం ఏడు, తొమ్మిది గంటల మధ్య వెళ్ళండి. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడండి. ఎదురెండలో నల్ల పక్షి, చుక్కల పక్షి ఒకేలా కనిపిస్తాయి.
3. పదిహేను ఇరవై అడుగుల దూరంలో కదలకుండా కూర్చోండి. మీరు రాగానే గుబురులో ఉన్నది బిగుసుకుని కూర్చుంటుంది. మొదటి పది నిమిషాలు ఏమీ కనపడకపోవడం మామూలే.
4. ఒక కొమ్మ ఎంచుకుని మొదటి నుంచి చివరి దాకా కళ్ళతో నడవండి. పక్షి కోసం కాదు, కదలిక కోసం. గాలి లేని వేళ ఒకే ఒక్క రెమ్మ ఊగుతుంటే అక్కడ ఏదో తింటోంది.
5. గోరింకలు, పిగిలిపిట్టలు, కంసాలిపిట్టలు అదే చెట్టు మీద ఉంటాయి. వాటి మధ్య కాకి అంత పొడవుగా, పండు కోసం మెడ చాచి, తోక కిందికి వేలాడేసినది కనిపిస్తే అదే.
6. ఎగిరి వెళ్ళేటప్పుడు కూడా చూడండి. కోకిల ఒక చెట్టులోంచి బయటపడి నేరుగా, వేగంగా ఇంకో గుబురులోకి దూరిపోతుంది. గాల్లో తిరగదు.

ఆడది దొరికే అవకాశం తక్కువ అనుకోకండి. దాని చుక్కలు ఎండపొడ పడిన ఆకుల్లో కలిసిపోతాయి గాని, ముక్కు, ఎర్రటి కన్ను దాచుకోలేదు. కన్ను చూశాకే రాయండి.

అరగంట కూర్చున్నా దొరకకపోతే సున్నా రాసి లేవండి. మూడు చెట్ల దగ్గర మూడు వారాలు సున్నా వస్తే అది కూడా గట్టి సమాచారమే.

## 10. కాకి గూటి దగ్గర పాటించవలసినవి

కోకిల గూడు కట్టదు. మన దగ్గర ఎక్కువగా ఊరకాకి గూట్లో, కొన్నిసార్లు బొంతకాకి గూట్లో గుడ్డు పెడుతుంది. కాకి గుడ్డు కంటే కోకిల గుడ్డు ముందే పొదుగుతుంది, కనుక పిల్లకు మేత పోటీలో కొంత ముందడుగు. కాకి పిల్లలను అది తప్పనిసరిగా తోసేయదు; ఒకే గూట్లో రెండు జాతుల పిల్లలు పెరగడం కద్దు.

మీరు చేయవలసింది కింద నుంచి చూడడం ఒక్కటే.

- గూటికి కనీసం 20 మీటర్ల దూరంలో ఉండండి.
- చెట్టు ఎక్కవద్దు, కర్రకు ఫోను కట్టి గూట్లోకి పెట్టవద్దు. కాకులు తల మీద తన్నడం ఒక్కటే నష్టం కాదు. అవి గూడు విడిచి మీ వెంట పడినంతసేపూ పిల్లలు ఎండకు మాడతాయి.
- మగ కోకిల గూటి దగ్గర కూసి కాకుల్ని రెచ్చగొట్టడం, అవి దాని వెంట పడడం చూస్తే వేళతో సహా రాయండి. ఆ సందులోనే ఆడది గూట్లోకి పోతుంది.
- గూడు దాటిన పిల్ల ఒకచోట కూర్చుని నోరు తెరిచి ఎడతెగకుండా అరుస్తుంది. కాకి వచ్చి మేపేదాకా ఆగి చూసి "చూ పి" రాయండి.

పిల్ల నేల మీద దొరికితే ఇంటికి తీసుకుపోకండి. కుక్కలు, పిల్లులు అందుకోలేని కొమ్మ మీద పెట్టి దూరం జరగండి. కాకులు వచ్చి మేపుతాయి. దెబ్బ తగిలి ఉంటే అటవీ శాఖకో, మీ ఊళ్ళో జంతువులను కాపాడే బృందానికో చెప్పండి. కోకిలను పట్టడం, పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

## 11. తరచుగా దొర్లే తప్పులు, వాటి దిద్దుబాట్లు

"కూత లేదు, కాబట్టి వెళ్ళిపోయింది" అని రాయడం. మీరు రాయగలిగింది "వినలేదు" అని మాత్రమే. వెళ్ళిందో లేదో తొమ్మిదో అంచె పూర్తయ్యాక చెప్పండి.

కూత లెక్కపెట్టి పక్షుల లెక్క అనుకోవడం. ఒక్క మగది పొద్దుటి పూట పదిసార్లు మొదలుపెట్టగలదు. ఒకే క్షణంలో వేర్వేరు దిక్కుల నుంచి వినిపించినవే వేర్వేరు పక్షులు.

ఫోను ఆప్ చెప్పిందని రాసేయడం. మెర్లిన్ లాంటి ఆప్ కూత విని పేరు సూచిస్తుంది, నేర్చుకునేందుకు చాలా మంచిది. పుస్తకంలోకి మాత్రం మీ చెవికో కంటికో ఖాయమైనదే ఎక్కాలి.

పండగ రోజు గుర్తు కోసం తేదీ సర్దడం. మొదటి కూత ఉగాది నాడే విన్నట్టు రాయాలని మనసు లాగుతుంది. ఉగాది తేదీ ఏటా మారుతుంది, కోకిల దాని కోసం ఆగదు. విన్న తేదీనే రాయండి.

మధ్యలో చోటు మార్చడం. ఇల్లు మారితే కొత్త పేజీ, కొత్త పటం. పాత లెక్కకు అతికించకండి.

ఊరెళ్ళిన వారాలను సున్నాలతో నింపడం. అవి ×లు. ఇంట్లో ఇంకొకరికి గుర్తుపట్టడం నేర్పితే ఆ ×లు తగ్గుతాయి. ఎవరు కూర్చున్నారో పక్కన పొడి అక్షరం వేయండి, ఒక్కొక్కరి చెవి ఒక్కోలా ఉంటుంది.

## 12. లెక్క తీయడం

నెల చివర అయిదు నిమిషాల పని. పొద్దుటి పావుగంటలను మాత్రమే తీసుకోండి.

1. ఎన్ని రోజులు కూర్చున్నారో లెక్కపెట్టండి. × ఉన్నవి వదిలేయండి.
2. వాటిలో "వి" ఉన్న రోజులు ఎన్ని? భాగించి వందతో గుణించండి.
3. "చూ"కు విడిగా అదే చేయండి.

ఉదాహరణకు ఒక నెలలో 12 రోజులు కూర్చుంటే, 9 రోజులు విని, 3 రోజులు చూస్తే, వినడం 75 శాతం, చూడడం 25 శాతం.

గళ్ళ కాగితం మీద అడ్డంగా పన్నెండు నెలలు, నిలువుగా శాతం పెట్టి రెండు రంగుల్లో గీతలు గీయండి. వినే గీత ఎండాకాలంలో కొండలా లేచి చలికాలంలో నేలకు దిగుతుంది. మీరు చూడవలసింది రెండో గీతను. అది చలికాలంలో కూడా కొంతైనా పైనే నిలిస్తే మీ వీధిలో కోకిల ఏడాదంతా ఉన్నట్టు. వినే గీతతో పాటే సున్నాకు పడిపోయి, వారపు అరగంటల్లో కూడా ఏమీ దొరకకపోతే మీ దగ్గర కోకిల ఆ నెలల్లో పక్కకు జరుగుతోందనుకోవచ్చు. ఏ చెట్టుకు పండ్లు ఎప్పుడు ఉన్నాయన్న వరసను ఆ గీతల కిందే రాస్తే కారణం కూడా కనిపిస్తుంది.

## 13. మీ రాతను నలుగురికీ పనికొచ్చేలా చేయండి

ఈబర్డ్ అనే ఉచిత వేదికలో మీ జాబితాలు ఎక్కించవచ్చు. కూర్చున్న చోటు, మొదలుపెట్టిన వేళ, ఎన్ని నిమిషాలు, ఎన్ని పక్షులు అని అడుగుతుంది. మీ పుస్తకంలో అన్నీ సిద్ధంగానే ఉంటాయి.

ఒక్క విషయంలో జాగ్రత్త. "గుర్తుపట్టిన పక్షులన్నీ ఇందులో రాశారా?" అని చివర అడుగుతుంది. మీరు కోకిల ఒక్కదాన్నే రాస్తే నిజాయితీగా "కాదు" అనండి. అన్నీ రాసిన జాబితాల నుంచే అక్కడ ఏ పక్షి ఏ వారంలో ఎంత తరచుగా కనిపిస్తుందన్న పట్టీ తయారవుతుంది. నెలకు నాలుగు గడుల చొప్పున ఏడాదికి 48 గడులు. కనుక కాకి, గోరింక, పిచ్చుక, పిగిలిపిట్ట, తేనెపిట్ట లాంటి వాటిని కూడా మెల్లగా నేర్చుకుని, వీలైనంత త్వరగా "అవును" అనగలిగే జాబితాలకు మారండి. అప్పుడు మీ పావుగంటలో కోకిల లేకపోయినా, ఆ లేకపోవడం కూడా లెక్కలో చేరుతుంది. మన ఊళ్ళ నుంచి చలికాలపు జాబితాలు ఎన్ని చేరితే అంత మంచిది.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతటా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. 2013 నుంచి మన దేశంలోనూ జరుగుతోంది. మొదటి కూతల నెల అదే కాబట్టి మీ పావుగంటలను ఆ నాలుగు రోజులూ తప్పకుండా ఎక్కించండి.

పని మొదలుపెట్టే ముందు ఒక్కసారి సరిచూసుకోండి:

- మగది, ఆడది విడిగా గుర్తుపట్టగలను
- "కు-ఊ", "కిక్-కిక్" రెండూ చెవికి తెలుసు
- చోటు, హద్దు ఖాయమయ్యాయి
- చెట్ల పటం గీశాను, పండ్ల చెట్లకు గుర్తు పెట్టాను
- వారంలో ఏ మూడు రోజులో నిర్ణయించాను
- గుర్తుల పట్టిక అట్ట లోపల రాశాను
- ఎదురింటివాళ్ళకు చెప్పాను

ఏ నెలలోనైనా మొదలుపెట్టవచ్చు. నన్నడిగితే అక్టోబరులో మొదలుపెట్టమంటాను. కూత ఆసరా లేకుండా కంటితో వెతకడం ముందే అలవాటైతే, మార్చిలో చెట్టంతా కూతలతో మోగేటప్పుడు ఆ పక్షి ఏ కొమ్మ మీద ఉందో మీకు చాలా తేలిగ్గా దొరుకుతుంది.